లీలావతి నవ్వని నవ్వు

లీలావతి నవ్వు సంగతి చెప్పాలంటే అమెరికాలోని ఇర్వింగ్‌లో కాదు, చీరాలలో మొదలుపెట్టాలి. ఆ నవ్వుకి ముందు చప్పుడుండదు, భుజాలు మాత్రం కదులుతాయి. తరవాత కుక్కర్ కూత వేయబోయే ముందు బుస్సుమన్నట్టు ఒక ఊపిరి. ఆ పైన ఆపడం ఎవరి తరమూ కాదు. వీధి చివర కిరాణా కొట్టు దాకా వినపడేది. "అదుగో, గజలక్ష్మి మొదలుపెట్టింది" అనేవారు ఇరుగుపొరుగు. గజలక్ష్మి అంటే ఆ రోజుల్లో సినిమాల్లో అత్తగారిగానో పక్కింటావిడగానో వచ్చి, పగలబడి నవ్వి పోయే హాస్యనటి. తెర మీద ఆవిడ నవ్వితే జనం టిక్కెట్టు కొని మరీ వినేవారు. అదే నవ్వు లీలావతి నట్టింట్లో నవ్వితే తల్లి అట్లకాడ పుచ్చుకుని వచ్చేది. లోకం తీరు అలాగే ఏడిసింది, ఏం చేస్తాం.

పెళ్ళయ్యాక అట్లకాడ పోయి సామెత వచ్చింది. "నవ్వే ఆడదాన్నీ, ఏడ్చే మగవాణ్ణీ నమ్మకూడదు" అని అత్తగారు తులసికోట చుట్టూ తిరుగుతూ కోడలికి వినపడేలా అనేది. ఆ సామెత ఎవడు పుట్టించాడో గానీ, వాడింట్లో పండగ నాడు కూడా ఎవరూ నవ్వి ఉండరు. మొగుడు వెంకటస్వామి సామెతలు చెప్పే రకం కాదు. మార్కెట్ యార్డులో గుమాస్తా, నెమ్మదస్తుడు. పెళ్ళాం నవ్వు నాలుగు గోడల మధ్య ఉన్నంతసేపూ ఆయనకి ఇష్టమే. చిక్కంతా నలుగురిలోనూ.

ఒకసారి వాళ్ళ ఆఫీసరుగారింటికి వ్రతానికి వెళ్ళారు. వ్రతమయ్యాక ఆఫీసరుగారు తాను రాసిన పద్యాలు రాగం తీసి చదువుతుంటే, కట్టుడు పళ్ళు జారి ప్రసాదం పళ్ళెంలో పడ్డాయి. వచ్చినవాళ్ళంతా పైకప్పు కేసి చూశారు. లీలావతి నవ్వింది. రెండు నెలలు తిరక్కుండా వెంకటస్వామికి మార్కాపురం బదిలీ అయింది. ఆ బదిలీకీ ఈ నవ్వుకీ సంబంధం ఉందో లేదో దేవుడికెరుక, ఆయన మటుకు ఉందనే నమ్మాడు. అప్పటినుంచీ బయట ఎక్కడైనా ఆవిడ భుజాలు కదలడం కనపడితే చాలు, పక్కనుంచి ఖళ్ళున దగ్గేవాడు. దగ్గు వినగానే ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. తిట్టూ కొట్టూ లేకుండానే ఆ ఏర్పాటు ముప్ఫై ఏళ్ళు నడిచింది.

అమెరికా సంగతంటారా, డాలస్‌లో ఉన్న ఆడపడుచు ఎప్పుడో అన్న పేరు మీద కాగితాలు పెట్టింది. పెట్టిన సంగతి పెట్టినావిడా మరిచిపోయింది, వీళ్ళూ మరిచిపోయారు. కూతురు పెళ్ళయి పూణే వెళ్ళిపోయాక, ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక, అప్పుడొచ్చింది గ్రీన్ కార్డు. వచ్చిందాన్ని కాలదన్నుకోవడమెందుకని బయలుదేరి వచ్చారు. వెంకటస్వామి డాలస్ పక్కనే ఉన్న ఇర్వింగ్‌లో ఒక ఇండియన్ స్టోర్‌లో కూరగాయల దగ్గర కుదిరాడు. బెండకాయ కొసలు విరిచి చూసేవాళ్ళని గుడ్లురిమి చూడటం ఆయన ఉద్యోగం. హైవే అంటే భయం కాబట్టి పాత కారు సర్వీస్ రోడ్డు మీదే మెల్లగా తోలుకుంటాడు. కారులో లీలావతి నవ్వితే మాత్రం, సిగ్నల్ దగ్గర పక్క కారువాళ్ళు వింటారని అద్దాలెక్కించేస్తాడు. ఖండం మారినా దగ్గు మారలేదు, ఈ అద్దాలు అదనం.

లీలావతి ఒక తెలుగువాళ్ళింట్లో పసివాణ్ణి చూసుకునే పనిలో చేరింది. ఆ పిల్లవాడు విహాన్, అప్పటికి ఆరు నెలలవాడు. తండ్రి రఘువీర్‌ది కరీంనగర్. ఇక్కడికి మాస్టర్స్‌కి రాకముందు ఒక ఏడాది పాటు కథ ఒకటి చేత్తో పట్టుకుని హైదరాబాద్‌లో సినిమా ఆఫీసుల చుట్టూ తిరిగాడు. బెంచీల మీద కూర్చోబెట్టారు, చాయ్ ఇచ్చారు, రేపు రమ్మన్నారు, కథ మాత్రం ఒక్కడూ వినలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పుకోడు. ఒకనాడు లీలావతి పప్పన్నంలో నెయ్యి వేసి పెడితే, తింటూ ఆవిడకి చెప్పాడు. చెప్పి, "పోనియ్ ఆంటీ, అప్పుడు ఛాన్స్ ఇస్తే ఈ హెచ్-వన్ వీసా కష్టాలు ఉండకపోతుండె" అని తనే నవ్వేశాడు. ఆ రోజు లీలావతికి నవ్వు రాలేదు. ఇంకో గరిటెడు పప్పు వేసింది.

అతని భార్య సంహిత ఇక్కడే, డాలస్ దగ్గర ప్లేనోలో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు వచ్చు గానీ తెలుగు సినిమా బొత్తిగా రాదు. ఆమెకి సినిమా వాళ్ళ వింతలు విడమరిచి చెప్పబోతూ రఘువీర్ పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాడు. పేరు "ముందుగా అందరికీ నమస్కారం". సినిమా ఫంక్షన్లలో ప్రతి ఉపన్యాసమూ ఆ ముక్కతోనే మొదలవుతుంది కదా, అదీ వెక్కిరింత. అతను నిర్మాతల గొంతులు, హీరోల గొంతులు, వాళ్ళ చుట్టాల గొంతులు అనుకరిస్తాడు. ఆమె ఏమీ ఎరగని మొహంతో ప్రశ్నలడుగుతుంది. నిజంగానే ఎరగదు కాబట్టి ఆ ప్రశ్నలు కత్తుల్లా ఉంటాయి.

రికార్డింగు వాళ్ళ పడగ్గదిలోని బట్టల గదిలో. పెళ్ళి పట్టుచీరలు అమెరికాలో కట్టేదెప్పుడు గనక, హ్యాంగర్లకి వేలాడుతూ బయటి చప్పుళ్ళు పీల్చేసే పని చేస్తుంటాయి. శుక్రవారం మధ్యాహ్నం విహాన్ నిద్రపోయే వేళకి మొగుడూ పెళ్ళాలు ఆ చీరల మధ్య దూరి తలుపేసుకుంటారు. లీలావతి గది బయట పిల్లవాడి పక్కన కూర్చుని బట్టలు మడతపెడుతుంది.

ఆ శుక్రవారం రఘువీర్ ఒక నిర్మాత గొంతుతో ఊగిపోతున్నాడు. "మా సినిమా నచ్చకపోతే నన్ను చెప్పుతో కొట్టండి! పబ్లిక్‌గా చెప్తున్నా, చెప్పుతో కొట్టండి!" సంహిత ఒక్క క్షణం ఆలోచించి అడిగింది: "ఆ స్లిప్పర్ మనమే తీసుకెళ్ళాలా? లేకపోతే త్రీడీ గ్లాసెస్ లాగా థియేటర్‌లో ఇస్తారా?"

తలుపు అవతల భుజాలు కదిలాయి. ఊపిరి బుస్సుమంది. దగ్గేవాడు పక్కన లేడు, కూరగాయల కొట్లో ఉన్నాడు. ఇంకేముంది, ఏళ్ళ తరబడి నిలవ ఉన్నదంతా బయటికొచ్చింది. పట్టుచీరలు కూడా ఆపలేకపోయాయి. విహాన్ లేవలేదు, వాడికి ఆ నవ్వు జోలపాటతో సమానం.

రఘువీర్ ఆ నవ్వు తీసేద్దామని చూశాడు గానీ, అది వాళ్ళ మాటల మీదే పడి ఉంది, తీస్తే మాటలూ పోతాయి. చేసేది లేక అలాగే వదిలేశాడు. విన్నవాళ్ళంతా ఒకటే అడగడం, ఆ నవ్వెవరిదని. ఒకరు తన అమ్మమ్మ గుర్తొచ్చిందని రాశారు. ఆఫీసు నుంచి కారులో పోతూ తానూ గట్టిగా నవ్వేశానని ఒకరు ట్రాయ్ అనే ఊరి నుంచి రాశారు. మరుసటి వారం రఘువీర్ తలుపు బార్లా తెరిచి, మూడో మైకు తెచ్చి లీలావతి ముందు పెట్టాడు. "మీరేం మాట్లాడొద్దు ఆంటీ, నవ్వొస్తే నవ్వుండ్రి, రాకపోతే వద్దు" అన్నాడు.

అట్లకాడ తిన్నది, సామెత పడ్డది, దగ్గు విన్నది ఆ నవ్వు. దానికి పీట వేసి కూర్చోబెట్టడం జన్మలో అదే మొదలు. లీలావతి ఆ రాత్రి భర్తకి చెబుతూ కళ్ళు తుడుచుకుంది. ఆయన ఫ్రిజ్‌లోంచి మజ్జిగ తీసుకొచ్చి ఇచ్చాడు.

పోను పోను అదొక పద్ధతి అయింది. ఏ జోకైనా సరే, లీలావతి నవ్వితేనే ఉంటుంది, నవ్వకపోతే రఘువీర్ కత్తిరించేస్తాడు. ఆవిడ మొహమాటానికి నవ్వదు, ఎంత బతిమాలినా నవ్వదు. వినేవాళ్ళకీ అది తెలిసిపోయింది. ఆంటీ నవ్విందంటే సరుకు నిఖార్సయినదని లెక్క. టీవీ కామెడీ షోల్లో జోకు రాకముందే విరగబడి నవ్వే పెద్దమనుషుల మీద వాళ్ళు ఒక ఎపిసోడ్ చేశారు, "కూలి నవ్వులు" అని. "వాళ్ళకి గంటకి పే చేస్తారా, నవ్వుకి పే చేస్తారా?" అని సంహిత అడిగింది. దానికి లీలావతి ఎక్కిళ్ళొచ్చేలా నవ్వింది. ఆ ఎపిసోడ్ తరవాత బెండకాయలు ఏరుకునే జనం కూడా వెంకటస్వామిని, ఆ ఆంటీ మీ ఆవిడేనటగా అని పలకరించడం మొదలుపెట్టారు. ఆయన సిగ్గుపడి, వాళ్ళకి లేత కాయలు తానే ఏరి ఇచ్చేవాడు.

అంతా సవ్యంగా ఉన్నప్పుడే కదా ఏదో ఒకటి వచ్చి పడేది. హైదరాబాద్‌లో ఒక సినిమా ఫంక్షన్‌లో పాతకాలపు నటీనటులకి శాలువాలు కప్పారు. అందులో గజలక్ష్మి ఉంది. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, చెయ్యి వణుకుతోంది. రెండు మాటలు చెప్పమని మైకిస్తే ఆవిడ వదల్లేదు. ఏదైనా చిన్న వేషం ఉంటే ఇప్పించండి బాబూ, ఇంకా నవ్వగలను, అంటూ స్టేజీ మీదున్న ఒక్కొక్కరినీ పేరు పేరునా అడిగింది. యాంకరమ్మాయి మైకు లాగబోతే గట్టిగా పట్టుకుంది. ఆ వీడియో ఊరూ వాడా తిరిగింది. అందరూ అనుకరించేవాళ్ళే.

రఘువీర్‌ కూడా చేశాడు. గొంతు వణికిస్తూ, "బాబూ, గ్రాఫిక్స్‌లో దయ్యంగానైనా పెట్టండి బాబూ, మేకప్పు ఖర్చు కూడా ఉండదు" అన్నాడు. అచ్చం ఆవిడ గొంతే. లీలావతి విహాన్ దుప్పటి మడతపెట్టింది. మడత విప్పి మళ్ళీ పెట్టింది.

"ఏంది ఆంటీ, జోకు పేలలే?" అన్నాడు రఘువీర్.

"పేలలేదు నాయనా" అంది.

పద్ధతి ప్రకారం అది కత్తిరించాలి. కానీ ఆ వారమే వాళ్ళ మొదటి స్టేజి షోకి టిక్కెట్లు పెట్టారు. ఇర్వింగ్‌లోనే ఒక హాలు, ఆదివారం ఉదయం షో, ఆ పైన బిర్యానీ. జనమంతా గజలక్ష్మి గురించి మాట్లాడుకుంటుంటే తాను ఊరుకుంటే ఎలా అని రఘువీర్‌కి అనిపించింది. తీరా ఎడిటింగ్‌లో వింటే లీలావతి నవ్వు లేని ఆ ముక్క బోసిగా, కాస్త క్రూరంగా కూడా ఉంది. అదిగో, అక్కడ ఆగి ఉంటే పోయేది. ఆగలేదు. చెప్పుల జోకుకి ఆవిడ నవ్విన నవ్వు తీసి, ఇక్కడ అతికించాడు. బాగా అతికింది. అంత బాగా అతికేసరికి, ఆ నవ్వుని అలాగే చప్పట్లూ ఈలలూ మోగించే బటన్ల పెట్టెలో ఆకుపచ్చ బటన్ కింద కూడా పెట్టుకున్నాడు.

లీలావతికి ఈ సంగతి పార్కులో తెలిసింది. అక్కడ ఉయ్యాలల దగ్గర మనవణ్ణి ఆడించుకునే ధనమ్మ అనే పెద్దావిడతో ఆవిడకి స్నేహం. గుంటూరు మనిషి, ఏదీ కడుపులో దాచుకోదు. ఆ సోమవారం లీలావతి స్ట్రోలర్ తోసుకుంటూ వచ్చేసరికి ఆవిడ మొహం తిప్పుకుంది. ఏమైందని రెండుసార్లు అడిగితే, ఫోన్ తీసి వినిపించింది. వణికే గొంతు, దయ్యం మాట, దాని వెంటనే నవ్వు. తన నవ్వే.

"ముసలిముండ పని కోసం దేబిరిస్తుంటే అంత నవ్వెలా వచ్చిందే నీకు? రేపు మన గతి మాత్రం ఏంటి?" అంది ధనమ్మ.

"నేను నవ్వలేదు వదినా."

"నా చెవులు బాగానే ఉన్నాయి లీలావతీ" అని ఆవిడ మనవణ్ణి ఉయ్యాల దింపుకుని వెళ్ళిపోయింది.

లీలావతి అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయింది. జీవితమంతా నవ్వినందుకు మాటలు పడింది, అది అలవాటే. నవ్వని నవ్వుకి మాట పడటం కొత్త. కాదని ఎవరితో చెప్పుకుంటుంది? విన్నవాళ్ళందరికీ అది ఆవిడ గొంతే కదా. పైగా గజలక్ష్మి విని ఉంటే? ఆ ఆలోచన రాగానే లేచి స్ట్రోలర్ ఇంటివైపు తిప్పింది.

మర్నాడు రఘువీర్‌ని అడిగింది. అతను తప్పించుకోవడానికి చూశాడు. "గదంత ఎడిటింగ్ ఆంటీ. సినిమాల హీరో నిజంగ ఎగురుతడా? గట్లనే ఇది. నవ్వు మీదే కద, బయటోళ్ళది కాదు కద" అన్నాడు. నవ్వు తనదే. అది కాదనడానికి లేదు. సంహిత ఏదో అనబోయి, మీటింగ్ కాల్ రావడంతో లేచి వెళ్ళింది.

ఇంటికొచ్చి మొగుడికి చెప్పుకుంది. మాట్లాడకుండా ఊరుకోమన్నాడాయన. వాళ్ళ ఇల్లు, వాళ్ళ పెట్టె, మనకెందుకు, పని పోతే మళ్ళీ ఎక్కడ వెతుక్కుంటాం అన్నాడు. పని మాట నిజమే. కానీ లీలావతిని పట్టుకున్న భయం పని గురించి కాదు, మాట్లాడితే ఆ మూడో మైకు పోతుంది. యాభై ఏడేళ్ళకి దొరికిన పీట అది. మాట్లాడకపోతేనో, ఆ పీట మీద కూర్చునేది తను కాదు, ఆకుపచ్చ బటన్. రెండు వైపులా నష్టమే. ఆ వారమంతా ఇంట్లో కూడా ఆవిడ నవ్వలేదు. వెంకటస్వామికి ఇల్లు మరీ నిశ్శబ్దంగా అనిపించింది.

ఆదివారం హాలు నిండిపోయింది. స్టేజి మీద మూడు కుర్చీలు, మూడు మైకులు, రఘువీర్ చేతికందేలా బటన్ల పెట్టె. లీలావతి ఆకుపచ్చ అంచు చీర కట్టుకుని మూడో కుర్చీలో కూర్చుంది. కూర్చోగానే చప్పట్లు మోగాయి. నాలుగో వరసలో వెంకటస్వామి, ఒడిలో విహాన్. ఆ వెనక ఎక్కడో ధనమ్మ కూడా ఉంది, కొడుకూ కోడలూ తీసుకొస్తే వచ్చింది.

షో బాగానే నడిచింది. సంహిత ప్రశ్న ఒకదానికి లీలావతి నవ్వింది కూడా, నిజంగానే. రఘువీర్ మొహం వెలిగిపోయింది. మాట్లాడక్కర్లేకుండా గడిచిపోతుందేమో అని ఆవిడకి ఆశ పుట్టింది. అంతలో వెనక వరసల కుర్రాళ్ళు "గజలక్ష్మి! గజలక్ష్మి!" అని కేకలు మొదలుపెట్టారు. రఘువీర్ లీలావతి కేసి ఒకసారి చూశాడు. చూసి, జనం వైపు తిరిగాడు. హాలు నిండా జనం అడుగుతుంటే కాదనగలిగే నటుడు ఇంకా పుట్టలేదు.

గొంతు వణికించాడు. చెయ్యి కూడా వణికించాడు. దయ్యం మాట అన్నాడు. అని, అలవాటుగా ఆగాడు.

లీలావతి నవ్వలేదు. కొందరు నవ్వబోయి, మూడో కుర్చీ కేసి చూసి ఆగిపోయారు. ఆంటీ నవ్వందే నవ్వాలో వద్దో వాళ్ళకి తెలియదు మరి. స్టేజి మీద నిలబడ్డవాడికి అటువంటి నిశ్శబ్దం ప్రాణాంతకం. రఘువీర్ వేలు దానంతట అదే వెళ్ళి ఆకుపచ్చ బటన్ మీద పడింది.

హాలు నాలుగు మూలల నుంచీ లీలావతి నవ్వు పగిలింది. భుజాలు కదలకుండా, ఊపిరి బుస్సుమనకుండా, ఆవిడ పెదాలు మూసుకుని కూర్చునుండగా ఆవిడ నవ్వు ఆవిడ చుట్టూ తిరిగింది. ఇదేదో కావాలని చేసిన తమాషా అనుకుని జనం విరగబడ్డారు. ఆ హోరులో నాలుగో వరస నుంచి ఖళ్ళున ఒక దగ్గు వినపడింది. లీలావతి చెయ్యి అలవాటుకొద్దీ కొంగు పట్టుకుని నోటిదాకా వెళ్ళింది. నోటి దగ్గర ఆపుకోవడానికి ఏమీ లేదు. కొంగు వదిలేసి, ముందుకి వంగి మైకు దగ్గరికి జరుపుకుంది.

"ఆ నవ్వు నాదే" అంది. "ఈ మాటకి నవ్వింది కాదు."

జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఆవిడ ఆగింది. నవ్వు దానంతట అది తగ్గింది.

"చెప్పుల మాటకి నవ్వాను నేను, అప్పుడెప్పుడో. అది తెచ్చి ఇక్కడ పెట్టారు. ఈ మాటకి ఆవేళా నవ్వలేదు, ఇవాళా నవ్వలేదు. చిన్నప్పుడు గజలక్ష్మి గారు నవ్వితే విని, ఓహో ఆడది ఇలా కూడా నవ్వొచ్చు కాబోలు అనుకున్నాను. ఆవిడ ఇప్పుడు పని అడిగింది. పని అడిగితే నవ్వొస్తుందా నాయనా?"

గొంతు పెంచలేదు. పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టే అడిగింది. పప్పన్నం తింటూ అతను చెప్పుకున్న సంగతి తనకి తెలుసునన్న మాట మాత్రం బయటపెట్టలేదు. పెట్టి ఉంటే ఆ కుర్రాడు ఆ స్టేజి మీదే కూలిపోయేవాడు.

రఘువీర్ పెట్టె వైర్ పీకి కింద పెట్టాడు. తరవాత తన సొంత గొంతుతో మాట్లాడాడు. పాడ్‌కాస్ట్‌లో ఎవరూ వినని గొంతు అది, కాస్త సన్నగా ఉంటుంది.

"టీవీ వాళ్ళ కూలి నవ్వుల మీద మేమే ఎపిసోడ్ చేసినం. ఆంటీకి నేను కూలి గూడ ఇయ్యలే, దొంగతనం చేసిన" అన్నాడు. ఎవరో నవ్వబోయారు. అతను చెయ్యెత్తి ఆపాడు. "నేను గూడ ఒక సంవత్సరం ఫిల్మ్ ఆఫీసులల్ల ఛాన్స్ అడుక్కున్న. నాకెవ్వరూ మైక్ ఇయ్యలే. ఇస్తే నేను గూడ వదలకపోతుంటి."

సంహిత భర్త కేసి తిరిగింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట ఆమె కూడా వినలేదు. మెల్లగా అతని భుజం మీద చెయ్యి వేసి, తనకి సహజమైన ఆ ఎరగని గొంతుతో అడిగింది: "మరి ఇప్పుడు వదుల్తావా? బిర్యానీ కూల్ అయిపోతుంది."

హాలంతా ఒక్కసారి నవ్వింది. ఏ బటనూ నొక్కక్కర్లేని నవ్వు. రఘువీర్ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. లీలావతి చిరునవ్వు మాత్రం నవ్వింది. అంతకంటే రాలేదు, రానిది ఆవిడ నవ్వదు కదా.

భోజనాల దగ్గర ధనమ్మ వచ్చి, ఏమీ మాట్లాడకుండా తన బిర్యానీలోని గుడ్డు తీసి లీలావతి పళ్ళెంలో వేసింది. రఘువీర్ కారు దాకా వచ్చాడు. తల వంచుకుని నిలబడ్డాడు. ఆ ముక్క ఎపిసోడ్‌లోంచి ఇప్పుడే తీసేశానని, బటన్ కూడా లేదని సంహిత ఫోన్ చూపించింది. అతను మాత్రం ఒకటే అడిగాడు.

"రేపు వస్తరా ఆంటీ?"

"రాకపోతే వాడికి అన్నం ఎవరు పెడతారు?" అంది లీలావతి, సంహిత చంకలో ఉన్న విహాన్ చెంప నిమిరి. తలుపు వేసుకోబోతూ, "శుక్రవారం చూద్దాంలే. నవ్వొస్తే నవ్వుతా" అంది.

కారు సర్వీస్ రోడ్డు ఎక్కింది. మార్చి నెల, ఎండ ఇంకా ముదరలేదు, అద్దాలు దించి ఉన్నాయి. అందరి ముందూ అలా మాట్లాడినందుకు మొగుడు ఏమంటాడోనని లీలావతి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. సిగ్నల్ దగ్గర కారాపి ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఇందాక నీ నవ్వు వినపడగానే నాకు దగ్గొచ్చేసింది లీలా."

"విన్నాను."

"దగ్గాక చూద్దును గదా, నీ నోరు మూసుంది. ఎవర్ని చూసి దగ్గానా అని వెతుక్కున్నాను." ఆయన స్టీరింగ్ మీద చేతులు సరిచేసుకున్నాడు. "ఆ పెట్టెని చూసి దగ్గానే. ఇంత బతుకూ బతికి, పెట్టెని పట్టుకుని దగ్గాను."

లీలావతి భుజాలు కదిలాయి. మొగుడి మాటకి, వారం రోజుల తరవాత మొదటిసారి. ఊపిరి బుస్సుమంది. ఆ తరవాత కారులో ఇద్దరికీ చోటు లేకుండా నవ్వు నిండిపోయింది. కిటికీలు దాటి రోడ్డు మీద కూడా పడింది. పక్క వరసలో పెద్ద ట్రక్కు మీద కూర్చున్న టోపీవాడు తల తిప్పి చూశాడు.

వెంకటస్వామి వేలు అద్దాల మీట దాకా వెళ్ళింది. అక్కడ కాసేపు ఆగింది. మళ్ళీ స్టీరింగ్ మీదికి వచ్చేసింది. సిగ్నల్ పచ్చబడ్డది ఇద్దరూ చూసుకోలేదు, వెనకవాడు హారన్ కొట్టాడు.